కొబ్బరి మానుకి చేవ లేదన్నదెవరు?

పోయిన మాఘమాసంలో మా అమ్మాయి కట్టుకుంటున్న ఇంటికి తలుపులు కొనాల్సొచ్చి, నేనూ మా అల్లుడూ అంబాజీపేట నుంచి అమలాపురం వెళ్ళాం. షాపు పేరు చెప్పను. ఎందుకంటే ఆ షాపాయన తప్పేమీ లేదు, తప్పంతా నాలాటి కొనేవాళ్ళదే. ఆయన ఒక తలుపు చూపించి, "చూడండి మాస్టారూ, అచ్చం టేకే! చారలూ, కణుపులూ అన్నీ ఉన్నాయి. చెద పట్టదు, నీళ్ళకి ఉబ్బదు" అన్నాడు. వేలు మడిచి కొట్టి చూశాను. ఖాళీ డబ్బా మోగినట్టు మోగింది. "ఇంతకీ దేంతో చేశారండీ?" అన్నాను. "ప్లాస్టిక్కేనండీ, ఆయ్! పైన టేకు బొమ్మ అచ్చేస్తారు" అన్నాడు.

పక్కగదిలో నేలమీద పరిచే పలకలున్నాయి. అవీ కర్రచారల పలకలే. గోడకంటించే కాగితం ఉంది. దానిమీదా కర్రచారలే. "కర్రలా ఉండేవి సరేనండీ, కర్రతో చేసింది ఏదైనా ఉందా?" అని అడిగాను. షాపాయన నావంక జాలిగా చూసి, "ఈ రోజుల్లో కర్ర ఎవరు పెడుతున్నారండీ బాబూ!" అన్నాడు. మా అల్లుడు నా మోచెయ్యి పట్టుకుని మెల్లిగా బయటికి తీసుకొచ్చాడు.

చూశారా చిత్రం! కర్రంటే మనకి మోజు లేకపోతే కర్ర బొమ్మెందుకు? మోజుంటే కర్రెందుకు వద్దు? 

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా పెరట్లో మరో చిత్రం జరుగుతోంది. మా నాన్నగారు పాతిన కొబ్బరిచెట్టు ఒకటి, డెబ్బయ్యేళ్ళది, నాలుగేళ్ళుగా సరిగా కాపు లేదు. పైకి చూస్తే మెడ పట్టేసేంత ఎత్తు. దింపు కుర్రాడు "ఎక్కిన కూలి కూడా దక్కదు మాస్టారూ" అన్నాక మనసు రాయి చేసుకుని కొట్టించేశాను. దాన్ని ముక్కలు చేసి ఇటుకబట్టీకి తోలుకుపోడానికి ట్రాక్టరు వచ్చింది. చేతిలో పెట్టిన డబ్బు చూశాను. పొద్దున్న చూసిన ప్లాస్టిక్ తలుపుకి గొళ్ళెం కూడా రాదు దాంతో.

"ఆగవయ్యా! కింది సగం ఉంచెయ్. మా అమ్మాయి ఇంటికి తలుపు చేయిస్తాను" అన్నాను. ట్రాక్టరాయన నవ్వాడు. మా అల్లుడు నవ్వలేదు, మొహం మాడ్చుకున్నాడు. మా ఆవిడయితే, "ఏవండీ, పిల్ల ఇంటికి కట్టెలతో తలుపు పెడతారా?" అంది.

ఆ మాట దగ్గరే నాకు ఒళ్ళు మండింది. ఈ వ్యాసం ఆ మంటలోంచి పుట్టిందే. కన్నకొడుకు అన్నం పెట్టకపోయినా కొబ్బరిచెట్టు పెడుతుందని చెప్పుకునే సీమ మాది. కాయ అమ్ముకుంటాం, కురిడీ అమ్ముకుంటాం, పీచు అమ్ముకుంటాం, చిప్ప అమ్ముకుంటాం, ఆకు చీల్చి చీపురు కట్టుకుంటాం. తీరా చెట్టు పడిపోయాక మానుని మాత్రం పొయ్యిలో పెట్టి చేతులు దులుపుకుంటాం. ఎందుకయ్యా అంటే మూడు కారణాలు చెబుతారు. చేవ లేదు, చెద పడుతుంది, చెట్టు కొట్టడం పాపం. నాలుగో కారణం ఒకటుంది గాని దాన్ని ఎవరూ నోరు విప్పి చెప్పరు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది చేవ. టేకులోనూ, మద్దిలోనూ చేవ నడిమధ్యన ఉంటుంది, పైన ఉండేది మెత్తటి చెక్క. కొబ్బరి ఇందుకు పూర్తిగా తిరకాసు. దాని గట్టిదనమంతా పైఅంచున, అందులోనూ మొదలు వైపున ఉంటుంది. నడిమధ్యన ఉండేది బెండు. అసలిది మనం మామూలుగా చెట్టనే జాతే కాదు. గడ్డికీ, వెదురుకీ చుట్టం. మన అమరకోశకారుడు కూడా కొబ్బరిని తృణద్రుమాల్లోనే చేర్చాడు. దీనికి ఏటేటా పెరిగే వలయాలుండవు, కొమ్మలుండవు కనక కణుపులుండవు. అంచు చెక్క ఘనపు మీటరు ఆరువందల కిలోలు దాటి తూగుతుంది. టేకూ ఇంచుమించు అంతే. నడిమి బెండు అందులో సగం కూడా తూగదు. మనవాళ్ళు చేసే పనేమిటంటే, ఎక్కడబడితే అక్కడ ఒక ముక్క కోసి, అది బెండు ముక్కయితే "చూశావా, చేవ లేదు" అని తీర్పు చెప్పేయడం. టేకు బెరడు గిల్లి చూసి టేకు మెత్తనిదన్నట్టుంది.

ఇంకో విశేషం వినండి. చెట్టు ముదిరినకొద్దీ ఆ అంచు చెక్క ఇంకా గట్టిపడుతుంది. అంటే కాపు ఉడిగిన ముసలిచెట్టే కలపకి మంచిది. కాసే చెట్టు జోలికి పోనక్కర్లేదు.

మా వడ్రంగి దగ్గరికి మాను పట్టుకెళితే, "మాస్టారూ, దీన్ని కోస్తే నా రంపం పళ్ళు రాలిపోతాయండీ. మీకు పుణ్యముంటాది, ఇంకో కర్ర తెప్పించండి" అన్నాడు. "రంపం పళ్ళు రాలగొట్టే కర్రకి చేవ లేదంటారేమిటయ్యా!" అన్నాను. అతను తల గోక్కున్నాడు. 

రెండోది చెద. ఇది అబద్ధం కాదు, ఒప్పుకుంటాను. కొబ్బరి చెక్కని మందు పెట్టకుండా నేలలో పాతితే రెండు మూడేళ్ళలో పుచ్చిపోతుంది. కొట్టిన మానుని వానలో పడేసి నెలకి కోద్దామంటే బూజు పట్టి నల్లబడుతుంది. కొట్టిన కొద్దిరోజుల్లోనే కోయాలి, గాలి ఆడేలా పేర్చి నీడన ఆరబెట్టాలి, ఇంటిలోపల వాడే చెక్కకయితే బొరాక్సూ బోరిక్ ఆసిడూ కలిపిన నీళ్ళు పట్టించాలి. ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. మామిడి చెక్కకయినా, రబ్బరు చెక్కకయినా చేసేది ఇదే. రబ్బరు చెక్కని ఒకప్పుడు పొయ్యిలోకే వాడేవారు. మందు పట్టించడం నేర్చాక అదే చెక్క కుర్చీలై, బల్లలై మన ఇళ్ళలో కూర్చుంది. కొబ్బరి చేసిన పాపమేమిటి?

పైగా కుళ్ళనిస్తే ఏమవుతుందో మాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ తోటల్ని పడుకోబెట్టేసింది. మా నాన్నగారి తోటలో నిలబడినవాటికంటె పడినవే ఎక్కువ. అన్ని మానులు కోసే మిల్లూ లేదు, కొనే నాథుడూ లేడు. కాల్చినవి కాల్చాం, వంతెనకి వేసినవి వేశాం, తక్కినవి గట్లమీద వదిలేశాం. కుళ్ళిన కొబ్బరి దుంగంటే కొమ్ముపురుగుకి పుట్టిల్లు. ఆ దుంగల్లో పెరిగిన పురుగులు మేం కొత్తగా నాటిన మొక్కల మొవ్వులు తొలిచేశాయి. తండ్రి శవాన్ని దారిలో వదిలేసినందుకు పిల్లలకి తగిలిన ఉసురులా అనిపించింది నాకు. ఆ దుంగలే ఆ వేసంగికి పలకలయి ఉంటే మా నాన్నగారికి రెండు డబ్బులు మిగిలేవి, మొక్కలూ మిగిలేవి. ఆయన ఆ దిగులుతోనే పోయారు.

మూడోది పాపం. ఇది చదువుకున్నవాళ్ళు చెప్పే కారణం. "పర్యావరణం చూడండి, చెట్లు నరకొద్దు, కర్ర వాడొద్దు" అంటారు. వినడానికి బావుంటుంది. అలా చెప్పినాయనే ప్లాస్టిక్ తలుపు తీసుకుని, అల్యూమినియం కిటికీలోంచి చూస్తూ, ఇనుప మంచం మీద పడుకుంటాడు. వాటికోసం చెట్టు నరకలేదుగా!

లెక్క చూద్దాం. టన్ను ఉక్కు తయారయ్యేసరికి ప్రపంచం మొత్తం మీద సగటున రెండు టన్నుల దాకా బొగ్గుపులుసు వాయువు గాలిలోకి పోతుంది. అల్యూమినియం సంగతి అంతకంటె అన్యాయం. బొగ్గు కాల్చిన కరెంటుతో దాన్ని కరిగిస్తే టన్నుకి పది టన్నులు దాటుతుంది. ఆ ప్లాస్టిక్ తలుపులో బరువు సగానికి పైగా ఉప్పులోంచి తీసిన క్లోరిన్, తక్కినది చాలామటుకు భూమిలోంచి తోడిన చమురుదో బొగ్గుదో.

చెట్టు చేసే పని దీనికి ఎదురు. అది గాల్లోని బొగ్గుపులుసు వాయువుని పీల్చి ఒళ్ళు చేసుకుంటుంది. ఎండిన కర్ర బరువులో సుమారు సగం కర్బనమే. ఇరవై మీటర్ల కొబ్బరిమాను ఇంచుమించు ఒక ఘనపు మీటరు అనుకుందాం, ఎండాక నాలుగువందల కిలోలనుకుందాం. అందులో రెండువందల కిలోలు కర్బనం. ఆ కర్బనం కాలి గాల్లోకి పోతే ఏడువందల కిలోల పైచిలుకు బొగ్గుపులుసు వాయువవుతుంది. ఇటుకబట్టీలో పెడితే డెబ్బయ్యేళ్ళ కూడిక ఒక్క వారంలో తీసివేత. అదే తలుపయితే, ఆ తలుపు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ కర్బనం మన ఇంట్లో కట్టేసి ఉంటుంది. కొట్టినచోట పెట్టిన మొక్క ఈలోగా మళ్ళీ పీల్చడం మొదలెడుతుంది. మాను మొత్తం తలుపవదు, మూడోవంతు మంచి పలక వస్తే గొప్ప, నిజమే. మూడోవంతైనా దక్కుతుంది కదా! ఇప్పుడు దక్కేది సున్నా.

2021లో గ్లాస్గోలో మన దేశం 2070కల్లా గాలిలోకి వదిలేదీ, వెనక్కి తీసేదీ సరిసమానం చేస్తామని ప్రపంచానికి మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టాల్సింది ఢిల్లీలో పెద్దవాళ్ళేనని మనం నిశ్చింతగా ఉన్నాం. ఆ లెక్కలో మన గుమ్మం కూడా ఉందని ఎవరూ మనకి చెప్పలేదు.

అయితే కర్రని రాసి ఉన్నదల్లా పుణ్యమని నేననను. దొంగచాటుగా కొట్టిన అడవి కర్ర కర్ర కాదు, దొంగసొత్తు. బర్మా టేకు మీద మనకంత మోజు గదా, ఆ దేశం అడవులు తరిగిపోతున్నాయని 2014లో దుంగల ఎగుమతే మానేసింది. మా మాను అలాటిది కాదు. అది అడవి కాదు, మా తాతతండ్రులు కుంచెడు నీళ్ళు పోసి పెంచినది. మనం కొట్టకపోయినా పోయేది. కొట్టినచోట కొత్త మొక్క పెట్టడానికి మా ఊళ్ళోనే ఉద్యాన విశ్వవిద్యాలయం వారి పరిశోధనా స్థానం ఉంది, వాళ్ళ గోదావరి గంగ రకం ఉంది. ముసలి చెట్లు తీసి తోట తిరగనాటుకోడానికి కొబ్బరి అభివృద్ధి బోర్డు సాయం చేసే పథకమూ ఉంది. అంటే చెట్టు తీయించడానికి డబ్బుంది, నాటించడానికి డబ్బుంది. మధ్యన పడ్డ మానుకే దిక్కు లేదు.

పోనీ ఇదేమైనా కొత్త సంగతా అంటే కాదు. కొబ్బరితోటల దేశం ఫిలిప్పీన్స్‌లో 1970లలోనే కొబ్బరి కలప మీద గట్టి కృషి జరిగింది. 1978లో మనీలాలో కొబ్బరి కలపా, కొబ్బరి చిప్పలూ వాడి ఏకంగా ఒక రాజభవనమే కట్టడం మొదలెట్టారు. 1981లో వచ్చే పోపుగారికి విడిది కోసమట. బీదదేశంలో ఇంత ఆడంబరమేమిటని ఆయన అందులో దిగలేదని చెప్పుకుంటారు. చూడండి, అక్కడ కొబ్బరి చెక్క మితిమీరిన ఆడంబరమయింది, ఇక్కడ కట్టెపుల్లయింది! చెక్క ఒకటే, చూసే కళ్ళే వేరు. ఇక నార్వేలో 2019లో పద్ధెనిమిది అంతస్తుల మేడ కర్రతో కట్టారు, ఎనభై అయిదు మీటర్ల ఎత్తు. "నిప్పంటుకుంటే?" అని మా అల్లుడు అడిగాడు. లావుపాటి దూలానికి నిప్పంటుకుంటే పైపొర బొగ్గయి లోపలి చెక్కకి కొంతసేపు తొడుగులా కాపు కాస్తుంది. అదే మంటలో ఉక్కు మెత్తబడి వంగిపోతుంది. ఇది ఇంజనీర్లు లెక్కగట్టిన సంగతే.

ఇప్పుడు ఆ నాలుగో కారణానికొద్దాం. దాని పేరు నామోషీ.

కోనసీమలో పాత మండువా ఇళ్ళు ఎక్కి చూడండి. తాటి దూలాలూ, కొబ్బరి వాసాలూ కనబడతాయి. పొగ పట్టి, నల్లబడి, పెంకుల బరువు మోస్తూ ఇప్పటికీ నిలబడ్డవి ఎన్నో! వాటికింద పుట్టి పెరిగినవాళ్ళం, నాలుగు డబ్బులు రాగానే చేసిన మొదటిపని ఆ వాసం పేరు చెప్పడం మానేయడం. కర్ర ఇల్లంటే పేదవాడి ఇల్లు. కాంక్రీటు పైకప్పు, గ్రానైటు మెట్లు, అద్దాల కిటికీ ఉంటేనే ఉన్నవాడి ఇల్లు. కర్రే పెట్టాలంటే టేకుండాలి. టేకు కొనే శక్తి లేకపోతే టేకు బొమ్మ ఉండాలి. అంతేగాని పెరట్లో పెరిగిన మాను గుమ్మంలోకి రాకూడదు. పనిమనిషి హాల్లో కుర్చీ వేసుకు కూర్చుంటే ఎలా ఉంటుందో, మనవాళ్ళకి అలా ఉంటుంది కాబోలు.

ఏడాదికొక్క రోజు మాత్రం ఈ నామోషీ ఉండదు. కనుమనాడు మా మండలంలోని జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద వస్తారు. ఆ ప్రభలకి ఒళ్ళు వెదురే, కర్రే. వాటిని భుజాలమీద మోస్తూ చేలకడ్డంపడి, కౌశిక నీళ్ళలో దిగి మరీ దాటిస్తారు. 2023 రిపబ్లిక్ దినోత్సవానికి మన రాష్ట్ర శకటం ఆ ప్రభల తీర్థమే. ఢిల్లీ వీధిలో దేశమంతా చూసింది. దేవుడికి వెదురు నామోషీ లేదు. మనకే ఉంది.

నేను ఎదుటివాళ్ళమీద పడిపోతున్నానని అనుకోకండి. కొనాలనుకున్నవాడి అవస్థ నేను పడ్డాను. మా మానుని కోయడానికి మూడు మిల్లులు తిరిగాను. ఒకాయన "రంపపు బిళ్ళ ఖరీదు మీరిస్తారా?" అన్నాడు. ఇంకొకాయన కోస్తానని ఒప్పుకుని గట్టిచెక్కా బెండూ కలిపేసి కోశాడు. ఏది ఏదో మళ్ళీ ఇంటిదగ్గర నేనూ మా వడ్రంగీ కూర్చుని, చేత్తో తూచి విడదీసుకున్నాం. కొనేవాడు అడగడు కనక మిల్లువాడు మంచి బిళ్ళ పెట్టడు. బిళ్ళ పెట్టడు కనక మంచి పలక దొరకదు. దొరకదు కనక కొనేవాడు అడగడు. ఈ గానుగ చుట్టూ ఎద్దులా తిరుగుతున్నాం అందరం.

దీన్ని తెంపడం కష్టమేం కాదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో కాయ చేత్తో తట్టి, చెవి దగ్గర ఊపి, సైజుని బట్టి రాశులు పోసే మొనగాళ్ళున్నారు. కాయకి తరగతులు కట్టడం తెలిసిన ఊరికి మానుకి తరగతులు కట్టడం ఒక లెక్కా? గట్టి చెక్క ఒక రాశి, మధ్యరకం ఒక రాశి, బెండు ఒక రాశి. గట్టిది గుమ్మాలకీ, మధ్యరకం బీరువా అరలకీ, బెండు పొయ్యికీ. కార్బైడు పళ్ళ బిళ్ళ ఉన్న మిల్లు ఒకటి, మందు పెట్టే తొట్టి ఒకటి, నీడన ఆరబెట్టే పాక ఒకటి మార్కెట్టు పక్కన పెట్టండి. సర్కారువారు కోనసీమ బడులకి కొనే బల్లల్లో కొన్నయినా ఆ చెక్కతో చేయించండి. పిల్లలు ఆ బల్లమీద కూర్చుని ఎక్కాలు చదివితే, పెద్దయ్యాక వాళ్ళకి దానిమీద నామోషీ ఉండదు. రైతుకి ముసలిచెట్టు మీద కట్టెల ధర బదులు కలప ధర వస్తే, కొత్త మొక్క పెట్టడానికి చెయ్యి ముందుకొస్తుంది.

ఇక కొనే మహాశయులకి నేను చేసే మనవి ఒక్కటే. షాపుకెళ్ళినప్పుడు "కర్రలా ఉందా?" అని అడక్కండి. "ఏం కర్ర? ఎక్కడిది? కొట్టినచోట మళ్ళీ నాటారా?" అని అడగండి. పదిమంది అడిగితే షాపాయన నవ్వుతాడు. వందమంది అడిగితే తెప్పిస్తాడు.

మా తలుపు సంగతి చెప్పలేదు కదూ! పలకలు నీడన ఆరి, మందు పట్టి, తలుపయ్యేసరికి శ్రావణమాసం వచ్చింది. వడ్రంగి చిత్రిక పట్టి నూనె రుద్దేసరికి ముదురు గోధుమరంగు మీద నల్లటి సన్నచుక్కలు లేచాయి, ఎవరో పెన్సిలుతో పెట్టినట్టు. గృహప్రవేశానికి మా వియ్యపురాలు వచ్చి, గుమ్మంలో ఆగి, తలుపు తడిమి చూసి, "అన్నయ్యగారూ, ఇదేం కర్రండీ? బర్మాదా?" అంది.

మా ఆవిడ నావంక చూసింది. చెప్పొద్దన్నట్టు కళ్ళతో సైగ కూడా చేసింది.

"కాదమ్మా, మా పెరట్లోది. కొబ్బరి" అన్నాను.

వియ్యపురాలు ఒక్క క్షణం ఏమీ అనలేదు. తరవాత మళ్ళీ ఒకసారి తడిమి, "మా తోటలోనూ ఆరు ముసలిచెట్లున్నాయండి. బట్టీవాడికి మాటిచ్చేశాం" అంది.

"ఇంకా తోలుకుపోలేదుగా?" అన్నాను.